చెవిలో మందు వేసేముందు

ఎండాకాలం సెలవుల్లో కాలువల్లో, బావుల్లో రోజూ గంటల తరబడి ఈదే పిల్లల్లో కొందరికి కొద్దిరోజులకే చెవి దురద మొదలవుతుంది. పుల్లతో గోకితే హాయిగా ఉంటుంది. మర్నాటికి పోటు. ఆ తరువాత చెవిదొప్ప తాకితే చాలు, కళ్ల నీళ్లు తిరుగుతాయి. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు అలమరలో వెదికి, ఎప్పుడో ఎవరికో తెచ్చిన సీసా ఒకటి పైకి తీస్తారు. "ఇదీ చెవి మందే కదా, వేస్తే ఏం పోతుంది?" అంటారు.

ఏం పోతుందో తెలియాలంటే ముందు చెవి లోపలికి వెళ్లి చూడాలి.

చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉండే గొట్టాన్ని కర్ణనాళం అంటారు. పెద్దవాళ్లలో దీని పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఇది సూటిగా ఉండదు, కొంచెం వంపు తిరిగి ఉంటుంది. బయటి మూడోవంతు గోడ మృదులాస్థితోనూ, లోపలి భాగం గట్టి ఎముకతోనూ తయారయింది. ఆ ఎముక మీద ఉన్న చర్మం బహు పలుచన. దానికింద మెత్తటి కొవ్వు పొర లేదు. వాపు వస్తే సాగడానికి చోటు లేదు గనుకనే ఇంత చిన్న గొట్టం అంత పెద్ద బాధ పెడుతుంది.

ఈ నాళానికి కాపలా ఉండేది గులిమి. కొందరు గుబిలి అంటారు. అది జిడ్డుగా ఉంటుంది కాబట్టి నీటిని చర్మంలోకి ఇంకనివ్వదు. కొద్దిగా ఆమ్లగుణం కలది కాబట్టి సూక్ష్మజీవులను పెరగనివ్వదు. ఇంకో వింత ఏమిటంటే, నాళంలోని చర్మం కర్ణభేరి దగ్గరనుంచి బయటివైపు, గోరు పెరిగినంత నెమ్మదిగా జరుగుతూ, పాత గులిమిని తానే మోసుకొస్తుంది. కోడి ఈకలూ అగ్గిపుల్లలూ పిన్నీసులూ పెట్టి తిప్పేవాళ్లు దాన్ని మళ్లీ లోపలికే నెడుతున్నారన్నమాట!

రోజూ నీళ్లలో నానితే గులిమి కొట్టుకుపోతుంది, ఆమ్లగుణం తగ్గుతుంది. నానిన చర్మం మీద పుల్ల గీత పడిందంటే సూడోమోనాస్, స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియాలకు తలుపు తెరిచినట్లే. వానాకాలపు చెమ్మలో ఆస్పర్జిల్లస్ అనే బూజు కూడా అక్కడ పెరుగుతుంది.

ఈ జబ్బుకు డాక్టరు చుక్కల మందుగానీ, సన్నని తుంపరగా చిమ్మే స్ప్రేగానీ ఇస్తాడు. కొన్ని స్ప్రేలలో నూటికి 2 వంతుల ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది. వినిగర్ పులుపుకు కారణం ఈ ఆమ్లమే. సూడోమోనాస్‌కు ఇది గిట్టదు. (అలాగని వంటింటి వినిగర్ పోసుకోకండి. అందులో ఆమ్లం రెండింతలు, ఆపైన కూడా ఉంటుంది.) మరికొన్ని స్ప్రేలలో దీనితోపాటు వాపు తగ్గించే డెక్సామెథసోన్, బాక్టీరియాను చంపే నియోమైసిన్ కలుపుతారు.

ఈ నియోమైసిన్ దగ్గరే అసలు సంగతి ఉంది. 1949లో సెల్మన్ వాక్స్‌మన్, హ్యూబర్ట్ లెషెవలియె అనే శాస్త్రజ్ఞులు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి దీన్ని వేరుచేశారు. క్షయ మీద మొదట పనిచేసిన యాంటీబయాటిక్ స్ట్రెప్టోమైసిన్‌కు ఇది దగ్గరి బంధువు. స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లతో ప్రాణం దక్కినవారిలో కొందరు నడుస్తూ తూలిపోవడం, కొందరికి వినికిడి తగ్గిపోవడం డాక్టర్లు చూశారు. అంతర చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉన్న భాగంలో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. ధ్వనిని పట్టుకునేవి అవే. ఈ జాతి మందులు వాటిని చంపగలవు. కోడికైతే చచ్చిన రోమకణాలు మళ్లీ మొలుస్తాయి. మనిషికి మొలవవు.

కర్ణభేరి చిల్లుపడకుండా ఉంటే మందు బయటి నాళంలోనే ఆగిపోతుంది, భయం లేదు. చిల్లు ఉంటే మధ్య చెవిలోకి జారుతుంది. అక్కడినుంచి గుండ్రటి గవాక్షం అనే చోట ఉన్న పలుచని పొరగుండా అంతర చెవికి చేరవచ్చు. కర్ణభేరికి చిల్లు ఎలా పడుతుంది? జలుబుతో మధ్య చెవిలో చీము పట్టి పగలవచ్చు, చెంపదెబ్బకో టపాకాయ పేలుడుకో పడవచ్చు. అది బయటికి కనపడదు. చెవిదొప్ప లాగినా, రంధ్రం ముందున్న చిన్న బొడిపె నొక్కినా నొప్పి పెరిగితే జబ్బు బయటి చెవిలో ఉన్నట్లు గుర్తు. జలుబు వెనుక చీము కారితే మధ్య చెవిదని అనుమానించాలి. అయితే ఈ గుర్తులను నమ్మి మందు వేయకూడదు. డాక్టరు దీపమున్న గొట్టంతో లోపలికి చూసేది ఇందుకే. అలమరలోని సీసాకు ఆ చూపు లేదు.

సరే, డాక్టరు చూసి స్ప్రే రాశాడనుకుందాం. ముందుగా సీసాను రెండు మూడు నిమిషాలు గుప్పిట్లో పట్టుకోమంటారు. ఎందుకో తెలుసా? వియన్నాలో రాబర్ట్ బారని అనే చెవి డాక్టరు ఉండేవాడు. ఆయన రోగుల చెవులు నీళ్లతో కడిగేటప్పుడు, నీళ్లు చల్లగా ఉంటే వాళ్లకు కళ్లు తిరుగుతున్నాయని గమనించాడు. నీళ్లు మరీ వేడిగా ఉన్నా అంతే. పైగా కనుగుడ్లు ఒక పక్కకు గబగబా కొట్టుకుంటాయి, చల్లనీళ్లకు ఒక దిక్కు, వేడినీళ్లకు దానికి ఎదుటి దిక్కు! అంతర చెవిలో సమతూకం చూసే అర్ధవృత్తాకారపు గొట్టాలున్నాయి. వాటిలోని ద్రవం ఒక వైపు చల్లబడితే బరువెక్కి కిందికి దిగుతుంది, ద్రవం కదులుతుంది, తల తిరుగుతోందని మెదడు పొరబడుతుంది. ఇదీ బారని చెప్పిన కారణం. ఈ పరిశోధనలకు ఆయనకు 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ! తమాషా ఏమిటంటే, 1983లో స్పేస్‌లాబ్ అంతరిక్ష ప్రయోగశాలలో, బరువన్నదే తెలియని చోట ఈ పరీక్ష చేస్తే అక్కడా కనుగుడ్లు కదిలాయి. కాబట్టి బారని చెప్పిన కారణం ఒక్కటే చాలదని తేలింది. స్ప్రే ఒక్కసారి చిమ్మేది కొంచెమే గనుక చుక్కల మందంత తిప్పదు. అయినా సీసా చల్లగా ఉండకపోవడమే మంచిది. పొయ్యి మీదా, మరిగే నీళ్లలోనూ మాత్రం పెట్టవద్దు.

తరువాత సీసా బాగా కుదపాలి. కొత్తదైతే తుంపర సరిగా వచ్చేదాకా గాలిలోకి కొన్నిసార్లు నొక్కాలి. చెవిదొప్పను పైకి, వెనక్కి మెల్లగా లాగితే నాళంలోని వంపు సర్దుకుంటుంది. (మూడేళ్ల లోపు చంటివాళ్లకైతే కిందికి, వెనక్కి.) ముక్కును రంధ్రం దగ్గర ఆనించాలేగాని లోపలికి గుచ్చకూడదు. చీటీలో ఎన్నిసార్లని ఉంటే అన్నిసార్లే నొక్కాలి. కొద్దిగా చురుక్కుమనవచ్చు. చుక్కల మందైతే మూడు నుంచి అయిదు నిమిషాలు పక్కకు తిరిగి పడుకోవాలి. స్ప్రే గోడలకే అంటుకుంటుంది కాబట్టి ఆ అవసరం లేదు.

మందు వాడినన్నాళ్లూ ఈత బంద్. స్నానం చేసేటప్పుడు వ్యాజ్‌లీన్ రాసిన దూదిని రంధ్రం దగ్గర పెట్టుకుని, ఆ తరువాత తీసివేయాలి. రెండోరోజుకే నొప్పి తగ్గిందని మానకూడదు, డాక్టరు చెప్పిన రోజులు దాటి వాడకూడదు కూడా. ఎక్కువ రోజులు వాడితే బాక్టీరియా చచ్చిన చోట బూజు పెరుగుతుంది. నియోమైసిన్ పడని చర్మమైతే దురద, ఎరుపు ఇంకా ఎక్కువవుతాయి. చెవిలో హోరు, తల తిరగడం, వినికిడి తగ్గడం, ఇవి కనిపిస్తే వెంటనే మందు ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాలి. తాతయ్యకో నాయనమ్మకో మధుమేహం ఉండి, చెవిపోటు రాత్రిళ్లు నిద్రపోనివ్వకపోతే, స్ప్రేతో సరిపెట్టకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. వాళ్లలో ఈ జబ్బు చర్మం దాటి ఎముకకు పాకగలదు.