ట్రక్కులోని ఇంజను దీపము

విద్యార్థులారా! మోటారుబండిని నడుపువాని యెదుట, వేగమును జూపెడు ముల్లు ప్రక్కను, పసుపుపచ్చని చిన్న దీపమొకటి గలదు. అది వెలిగినంతమాత్రమున బండి యాగిపోదు. కావున ననేకులు దాని నుపేక్షింతురు. కొందఱు దానిపై నల్లకాగితము నతికింతురు. బండిని పరుల కమ్మదలచి బల్బునే యూడదీసిన ఘనులును లేకపోలేదు. ఆ దీపమునకు భాష యొకటి గలదనియు, దానిని నేర్చుట మన పాఠశాలలో విద్యుచ్ఛక్తి పాఠము చదివినవారికి కష్టము కాదనియు జూపుటకే యీ వ్యాసము.

ఈ దీపము పుట్టినది అమెరికాదేశమున. లాస్ ఏంజిలిస్ నగరమును గప్పి, కన్నులను మండించుచుండిన పొగకు మోటారుబండ్ల గొట్టములనుండి వచ్చు వాయువులపై సూర్యరశ్మి సోకుటయే కారణమని హాగెన్-స్మిట్ అను శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతమున కనుగొనెను. పెట్రోలు సరిగా కాలినగాని యా పొగ తగ్గదు. సరిగా కాలుచున్నదో లేదో బండియే తన్ను తాను పరీక్షించుకొని చెప్పవలెనని కాలిఫోర్నియా రాష్ట్రము 1988 సంవత్సరపు బండ్లు మొదలుకొని శాసించెను. 1996 నుండి అమెరికా అంతటను ఒకే విధమైన పద్ధతి యేర్పడినది. ఇప్పుడు మనదేశపు బండ్లలోను ఇట్టి దీపమే వెలుగుచున్నది.

1996కు పూర్వపు షెవ్రొలె ట్రక్కులను దృష్టాంతముగా గైకొందము. వీనిని పరీక్షించుటకు ఖరీదైన యంత్రము వలదు; వంకర తీగముక్క చాలును. నడుపువాని మోకాళ్లకు పైగా, పలక క్రింద, రెండు వరుసలలో 12 గళ్లు గల చిన్న పెట్టె యుండును. పైవరుసలో కుడి చివరి గడి 'ఏ', దాని ప్రక్కది 'బీ'. ఈ రెంటిని తీగతో కలిపి, తాళపుచెవిని త్రిప్పవలెను. ఇంజనును మాత్రము నడుపరాదు. అప్పుడు దీపము మిణుకుటకు మొదలిడును. ఒకమారు వెలిగి, కొంచెమాగి, రెండుమారులు వెలిగినచో 12 అని యర్థము. ఇది దోషము గాదు. ఇంజను తిరుగుట లేదని కంప్యూటరు పలుకు మాట. ఇది ముమ్మారు వచ్చిన పిమ్మట, జ్ఞాపకమందున్న దోషసంఖ్యలు ఒక్కొక్కటి ముమ్మారు చొప్పున వచ్చును. కాగితము, పెన్సిలు చేతనుంచుకొని లెక్కపెట్టవలెను. తొందరపడిన లెక్క తప్పును.

టెక్సస్ రాష్ట్రమున నొక వడ్రంగి కలడనుకొందము. పనిముట్ల నెక్కించుకొని పోవుటకు వానికి గల యాధారమీ పాత ట్రక్కొక్కటే. దీపము వెలిగినది, పెట్రోలు మునుపటికంటె నెక్కువ త్రాగుచున్నది, గొట్టమున నల్లపొగ. కంప్యూటరునే మార్చవలెనని యెవరో చెప్పిరి. అది వాని నెలసంపాదనను మ్రింగును. వాడు తీగ కలిపి చూడగా 15 వచ్చినది. ఇది ఇంజనులోని నీటి వేడిమిని దెలుపు సెన్సారు సంగతి.

ఇక్కడ మన పాఠము పనికివచ్చును. లోహపు తీగకు వేడి హెచ్చినకొలది నిరోధము హెచ్చును. ఈ సెన్సారులోని పదార్థమునకో, వేడి హెచ్చినకొలది నిరోధము తగ్గును. 20 డిగ్రీల సెంటిగ్రేడున సుమారు 3,500 ఓములుండునది, 100 డిగ్రీలయొద్ద సుమారు 180 ఓములగును. కంప్యూటరు తనలోని యొక నిరోధము గుండ 5 ఓల్టుల విద్యుత్తును సెన్సారునకు బంపి, మిగిలిన ఓల్టులను గొలిచి వేడిమి నెంచును. తీగ తెగినదా? 5 ఓల్టులును మిగిలియుండును. నీరు మిక్కిలి చల్లగా నున్నదని యది భ్రమపడును. చల్లని ఇంజనునకు పెట్రోలు ఎక్కువ కావలెను గదా! నల్లపొగ యందుచేతనే.

అయినను 15 అనగా సెన్సారు చెడినదని తీర్పు కాదు. ఆ దారిలో నెచ్చటనో తెగినదని మాత్రమే. తాళము తీసి, సెన్సారునుండి తీగల నూడదీసి, ఆ రెండు తీగల కొనలను ఒకదానితో నొకటి కలిపి, ఇంజనును గొంచెముసేపు నడిపి, మరల సంఖ్యలను జూడవలెను. 14 వచ్చినచో, అనగా నీరు మితిమీరి వేడెక్కినదని కంప్యూటరు మొఱపెట్టినచో, తీగలును కంప్యూటరును నిర్దోషులు. తప్పు సెన్సారుదో, దాని మూతిదో. 14 రానిచో తీగవెంబడి వెదకవలెను. నేనైతే మొట్టమొదట మూతిలోని పచ్చని చిలుమును జూతును. పాతబండ్లలో దానిని గీకి శుభ్రపఱచుటతోనే పని ముగియుట కలదు. సెన్సారును మార్చవలసివచ్చిన, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే దానిని విప్పవలెను. వేడినీరు చిమ్మి చేతులు కాలును. మూసిన కొట్టములో ఇంజనును నడుపరాదు. దాని గొట్టమునుండి వచ్చు వాయువు వాసన లేకయే ప్రాణము తీయును.

1996 తరువాతి ట్రక్కులలో తీగముక్క పనిచేయదు. 16 గళ్ల పెట్టెకు చదువుయంత్రమును దగిలింపవలెను; పై దోషమే అందు పీ0118 అని కనబడును. వీనిలో దీపము నిలుకడగా వెలుగక మినుకు మినుకుమనుచున్న యెడల ఇంజనులో పెట్రోలు కాలక పోవుచున్నదని యెఱింగి, వేగము తగ్గించి, వీలైనంత శీఘ్రముగా బండి నాపవలెను. లేనిచో ఆ పచ్చి పెట్రోలు పొగను శుద్ధిచేయు క్యాటలిటిక్ కన్వర్టరులో మండి దానిని కరగించును. పొగపరీక్షకు బోవుచు త్రోవలో దీపము నార్పుకొని పోవువానికి లాభము లేదు: సంఖ్యలతోబాటు బండి తన్ను తాను పరీక్షించుకొన్న గుర్తులును చెరగిపోవును గనుక, పరీక్షకుడు దానిని వెంటనే కనిపెట్టును.

మన వడ్రంగి మూతిని శుభ్రపఱచెను. తాళము తీసి, బ్యాటరీ ఋణధ్రువపు తీగను అరనిమిషము విప్పి మరల బిగించెను. పాత సంఖ్యలు చెరగెను. రెండు దినములు పనికి బోయి వచ్చి, మరల తీగముక్కను 'ఏ', 'బీ' గళ్లలో నుంచి చూచెను. దీపము ఒకమారు వెలిగెను. కొంచెమాగి, రెండుమారులు వెలిగెను. ఎంతసేపు చూచినను 12 తప్ప మఱియొకటి రాలేదు. వాడు తీగముక్కను తీసి జేబులో వేసికొని ఇంజనును నడిపెను.