వరిచేలో వరిని పోలిన గడ్డి జాతులను గుర్తించు విధము

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో వరి పండించు రైతు సోదరులకు ఊద గడ్డి క్రొత్త కాదు. అయితే వరిచేలో వరివలె కనబడుచు వరికి వేసిన ఎరువును తినెడి గడ్డి ఒక్కటే జాతి కాదు. ముఖ్యముగా నాలుగు కలవు. వీటన్నిటికి చికిత్స ఒకటి కాదు. ఒకదానిని చంపు మందు మరియొకదానిని చంపదు. నాలుగవదానికి వరిచేలో చల్లదగిన మందే లేదు. కనుక మందు కొనుటకు ముందు మొక్కను గుర్తించవలెను. ఇందుకు పరికరములు అక్కరలేదు. పగటి వెలుతురు, కొంచెము ఓపిక చాలును.

ఈ సంగతి ఇప్పుడు మరింత ముఖ్యమైనది. కాలువ నీరు ఆలస్యమైనపుడు, కూలీలు దొరకనపుడు డెల్టాలో అనేకులు నాట్లు మాని వెద పద్ధతిని విత్తుచున్నారు. నాటిన చేలో వరి మొక్క కలుపుకన్న మూడు నాలుగు వారములు పెద్దది; నిలువ నీరు కలుపు మొలకను అణచును. వెద చేలో వరియు, కలుపును ఒకే ఈడువి. సాళ్లు లేక చల్లిన చేలో ఏది మన మొక్కయో చెప్పుట మరింత కష్టము.

ఆకు కీలు చూడుడు

మొక్క మూడు నాలుగు ఆకుల దశకు వచ్చిన పిమ్మట ఒకదానిని పెరికి, ఆకును మెల్లగా వెనుకకు వంచుడు. ఆకు రెక్కయు, కాండమును చుట్టియుండు తొడుగును కలియు చోటు ఆకు కీలు. వరిలో ఇక్కడ తెల్లని పలుచని పొర నాలుకవలె పైకి లేచియుండును. దాని కొన చీలియుండును. రెండు ప్రక్కల వెంట్రుకలతో కూడిన చిన్న చెవులు కాండమును పట్టుకొనియుండును.

నాలుకయు, చెవులును రెండును లేక కీలు నున్నగా ఉన్నచో అది ఊద. అంచు చీలికలైన పొట్టి నాలుక ఉండి చెవులు లేనిచో అది లెప్టోక్లోవా. రెండును ఉన్నచో అది వరి, లేక కలుపు వరి. ఈ మూడు మాటలు జ్ఞాపకముంచుకొనిన చాలును.

రెండు ఊదలు

చిన్న ఊదను శాస్త్రజ్ఞులు ఎకినోక్లోవా కొలోనా అందురు. కాండము సన్నము, మొదట నేలపై వాలి తరువాత లేచును. ఆకులపై ఊదారంగు అడ్డపట్టీలు తరచుగా కనబడును. వెన్నులో పొట్టి కొమ్మలు విడివిడిగా ఉండును. గింజలకు ముల్లు ఉండదు.

పెద్ద ఊద ఎకినోక్లోవా క్రస్‌గల్లి. ఇది నిటారుగా, వరికన్న ఎత్తుగా పెరుగును. వెన్ను పెద్దది, దాని కొమ్మలకు మరల కొమ్మలుండును. గింజలకు తరచుగా ముల్లు ఉండును.

కొన్ని ఊద రకములు వరిని మరీ దగ్గరగా పోలియుండుటకు కారణము మన చేతులే. కూలీలు తేడాగా కనబడిన మొక్కను పెరికి, వరివలె నిటారుగా నున్న దానిని వదలుచు వచ్చిరి. వదలబడినదే విత్తనము రాల్చెను. చైనాలో యాంగ్జీ నదీ ప్రాంతపు ఊదను పరిశీలించి, తరతరముల కలుపుతీత ఇట్టి పోలికను కలిగించినదని శాస్త్రజ్ఞులు 2019లో వెల్లడించిరి. కనుక మొక్క ఆకారమును నమ్మక, ఆకు కీలును నమ్మవలెను.

లెప్టోక్లోవా

దీని ఆకులు సన్నము, మెత్తన. వెన్ను విశాలముగా విచ్చుకొని, దారములవంటి సన్నని కొమ్మలతో తరచుగా ఎర్రని ఛాయలో ఉండును. బిస్పైరిబాక్ సోడియం లేత ఊదను బాగుగా అణచును గాని దీనిపై సరిగా పనిచేయదు. ఊద చచ్చిన చోట ఇది విస్తరించును. "మందు కల్తీ" అని రైతు అనుకొనును. నిజమునకు మొక్క వేరు. లెప్టోక్లోవాకు సైహలోఫాప్ బ్యూటైల్ పనిచేయును. ఏ మందైనను కలుపు లేతగా నున్నప్పుడే, డబ్బాపై ముద్రించిన మోతాదు ప్రకారమే వాడవలెను. బిస్పైరిబాక్ చల్లునపుడు నీరు తీసివేసి కలుపు ఆకులు తడియునట్లు చల్లి, రెండు మూడు దినములకు మరల నీరు పెట్టవలెను.

కలుపు వరి

ఇది వరి జాతిదే. నాలుక, చెవులు ఉండును గనుక పై పరీక్షకు దొరకదు. తరచుగా వరికన్న ఎత్తుగా పెరిగి ముందుగా వెన్ను తీయును. గింజ పండీ పండకముందే రాలిపోవును. పొట్టు తీసి చూచిన బియ్యము చాలవరకు ఎర్రగా ఉండును. వరిని చంపక దీనిని చంపు మందు మన సాధారణ రకములలో లేదు. విత్తనము కొన్న వెంటనే పిడికెడు గింజల పొట్టు తీసి, ఎర్ర గింజ ఉన్నదేమో చూడుడు. తెల్ల బియ్యపు రకములో ఎర్ర గింజ కనబడిన ఆ విత్తనమును వాడకుడు. ఇది ఉన్న పొలమును ముందుగా తడిపి, మొలిచిన దానిని దున్ని, తరువాత విత్తవలెను. వీలైనచో నాట్లు వేయవలెను.

చేయవలసిన పనులు

నారు పీకునపుడు కట్టలను పరిశీలించుడు. నారుమడిలోని ఊదను కట్టలో కలిపినచో దానిని మన చేతితోనే పొలములో నాటుకొనినట్లు అగును.

వెన్ను తీసిన ఊదను గింజ రాలక ముందే పెరికివేయుడు. చిన్న ఊద గింజ కోతకు ముందే రాలును. కోతకు రెండు మూడు దినములు ముందు చల్లిన మినుములో అదియే మరల మొలచును. దుక్కి లేని ఆ చేలో కలుపు తీయుట ఎంత కష్టమో మీరెరుగుదురు.

కోత యంత్రము మన చేలో దిగుటకు ముందు శుభ్రము చేయించుడు. ఒక ఊరి కలుపు గింజ మరియొక ఊరికి దానితో ప్రయాణించును.

ఏటేటా ఒకే మందు చల్లకుడు. అట్లు చేసిన అనేక దేశములలో మందుకు లొంగని ఊద పుట్టినది.

గ్రామాధికారులు, గ్రామ వ్యవసాయ సహాయకులు ఈ నాలుగు మొక్కలను వేళ్లతో పెరికి, కాగితముల నడుమ ఆరబెట్టి, పేర్లు వ్రాసి, రైతులు కూడు చోట ఉంచిన మేలు. మందుల దుకాణమునకు వెళ్లు రైతు ముందు ఆ నమూనాలతో తన కలుపును పోల్చుకొనవచ్చును. మొక్క పేరు తెలిసిన రైతు తనకు పనికిరాని మందుపై డబ్బు పోగొట్టుకొనడు.