తెలిసినా ఎందుకు చేయం? జూరాల, మట్టి గణపతి, కురుమూర్తి ఉద్దాలు

ఈ వారం వీడియోలో మట్టి గణపతి పూజా విధానం చూశాం కదా. టైమ్ సరిపోక అందులో వదిలేసిన ప్రశ్న ఒకటుంది, దాని గురించి ఇక్కడ మాట్లాడుకుందాం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం నీళ్లలో సరిగా కరగదని తెలియనివాళ్లు ఇవాళ ఎవరున్నారు? స్కూల్లో చెప్తారు, పేపర్లో రాస్తారు, కాలుష్య నియంత్రణ మండలి మట్టి విగ్రహాలు ఉచితంగా పంచుతుంది. కేంద్ర మండలి నిమజ్జనం మీద 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2020లో వాటిని సవరించింది కూడా. అయినా ఏ గల్లీలో చూసినా ఎక్కువగా ప్లాస్టర్ గణపతులే. అంటే లోపం తెలియకపోవడంలో లేదన్నమాట.

మాది ఆత్మకూర్. కృష్ణమ్మ తెలంగాణలోకి వచ్చాక మొదట ఆగేది మా పక్కనే, జూరాల ప్రాజెక్టు దగ్గర. సుమారు లక్ష ఎకరాలకు సాగునీరు, ఎన్నో ఊళ్లకు తాగునీరు అక్కడిదే. ప్లాస్టర్ అంటే జిప్సాన్ని వేడిచేసి అందులోని నీటిని చాలావరకు తీసేసిన పొడి. నీళ్లు కలిపితే మళ్లీ జిప్సంగా గట్టిపడుతుంది. అలా గట్టిపడ్డాక నదిలో వేస్తే మట్టిలాగా విడిపోదు, అడుగున పేరుకుంటుంది. పైన వేసిన రంగుల్లో సీసం లాంటివి ఉంటే అవీ నీళ్లలోకే పోతాయి. మొక్కిన చేతులతోనే మనం తాగే నీళ్లలో కలుపుతున్నాం.

ధర్మం తెలిసినా మనసు అటు పోకపోవడం కొత్త సమస్యేమీ కాదు. పాండవ గీతలో దుర్యోధనుడి నోట వినిపించే బాధ సరిగ్గా ఇదే. మనస్తత్వ శాస్త్రంలో దీన్ని సూటిగా పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. 1973లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు మతవిద్య చదివే విద్యార్థులను ప్రసంగం ఇవ్వడానికి పక్క బిల్డింగ్‌కి పంపారు. దారిలో ఒక మనిషి దగ్గుతూ కూలబడి ఉన్నాడు. కొందరి ప్రసంగాంశం ఏమిటో తెలుసా? దారిలో పడి ఉన్నవాడికి సాయం చేసిన బాటసారి గురించి బైబిల్‌లో ఉన్న కథ! అయినా ఆగారా లేదా అన్నది ఆ కథను బట్టి పెద్దగా తేలలేదు, తొందరను బట్టి తేలింది. తొందర లేనివాళ్లలో 63 శాతం మంది ఆగితే, ఆలస్యమైందని చెప్పి పంపినవాళ్లలో ఆగింది 10 శాతమే. ప్రవచనాలు వినే మనం, వీడియోలు చేసే మేమూ ఈ లెక్కను గుర్తుపెట్టుకోవాలి.

తొందర కన్నా బలమైనది ఇంకోటుంది, పక్కవాళ్లు. మా వైపు కమిటీ కుర్రాళ్లను అడిగితే పర్యావరణం గురించి ఎవరూ వాదించరు. "అన్నా, మనం చిన్నది పెడితే పక్క గల్లీ వాళ్లు నవ్వుతరు" అంటారు. అసలు అడ్డం అదే.

అరిజోనాలో శిలగా మారిన అడవి ఒక పార్కుగా ఉంది. వచ్చినవాళ్లు ఆ రాతి చెక్క ముక్కల్ని జేబులో వేసుకుని పోతుంటారు. రాబర్ట్ చాల్డీని బృందం అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూసింది. "చాలామంది తీసుకుపోవడం వల్ల అడవి పాడైపోతోంది" అన్న అర్థంతో పెట్టిన బోర్డు దగ్గర నూటికి దాదాపు ఎనిమిది ముక్కలు మాయమయ్యాయి. "దయచేసి తీయకండి" అన్న అర్థంతో పెట్టిన చోట రెండు కూడా పోలేదు. అందరూ చేస్తున్నారని బాధపడుతూ చెప్పినా, వినేవాడి చెవికి చేరేది "అందరూ చేస్తున్నారు" అన్న ముక్కే.

ఇప్పుడు మన వీడియోల సంగతి చూడండి. నిమజ్జనం మర్నాడు సగం విరిగిన విగ్రహాలు, పక్కన బాధాకరమైన మ్యూజిక్. నా లెక్కలో ఆ వీడియోలు మంచి కన్నా చెడే ఎక్కువ చేస్తాయి. గీత మూడో అధ్యాయం 21వ శ్లోకం పెద్దవాళ్లు ఏం చేస్తే లోకం అదే చేస్తుందని చెప్తుంది. కాబట్టి చూపించాల్సింది చేసినవాళ్లను. 1954లో ఒక్క అడుగుతో మొదలైన ఖైరతాబాద్ గణపతి 2022లో మొదటిసారి పూర్తిగా మట్టితో, 50 అడుగుల ఎత్తున కూర్చున్నాడు. మట్టితో పెద్దది నిలబడదన్న మాట ఆ ఏడాదితో పోయింది. ఎత్తు కోసం పంతం ఉన్న కుర్రాడికి కరపత్రం ఇవ్వడం కన్నా ఆ ఫోటో చూపించడం నయం.

ఇక బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న. దీనికి బయటికి వెళ్లక్కర్లేదు, మన కురుమూర్తి జాతర చాలు. స్వామి ఆభరణాలు ఆత్మకూర్ నుంచి ఊరేగింపుగా వెళ్తాయి. ఉద్దాలు, అంటే స్వామి పాదుకలు, చిన్న వడ్డెమాన్‌లో దళిత కుటుంబాలు నియమంగా ఉండి తయారుచేస్తాయి. కులం పేరుతో దూరం పెట్టిన లోకంలో, ఆ చేతులు చేసిన పాదుకలకే అందరూ తల వంచుతారు. ఏ ఊరి పని ఏమిటో ఆ ఊరికి తెలుసు, గుర్తు చేయడానికి సర్క్యులర్ అక్కర్లేదు. అదే జాతర మైదానంలో పడే ప్లాస్టిక్ గ్లాసు ఏ ఊరిదో చెప్పండి? ఎవరిదీ కాదు. చూసేవాళ్లు ఎక్కువైన కొద్దీ "ఇంకెవరో చూసుకుంటారులే" అనిపించడం మనిషి స్వభావం. 1968లోనే డార్లీ, లాటనే దాన్ని ప్రయోగంతో చూపించారు. పేరు పెట్టి అప్పగిస్తే మాత్రం అదే మనిషి సేవ అనుకుని చేస్తాడు. జాతర మైదానాన్ని ఊరికో భాగంగా పంచితే ఎలా ఉంటుందో నాకు చూడాలని ఉంది.

చివరగా ఒక ప్రాక్టికల్ విషయం. ధూల్‌పేటలో విగ్రహాల పని చవితికి నెలల ముందే మొదలవుతుంది. శ్రావణం చివర్లో మట్టి గురించి మీటింగ్ పెడితే అప్పటికే అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటారు, ఆ తొందరలో ఎవరూ ఆగరు. మీరు ఏదైనా కమిటీలో ఉంటే ఆషాఢంలోనే కూర్చోండి. మట్టి విగ్రహం ఎవరు బుక్ చేస్తారు, నిమజ్జనానికి ముందు పూలు, బట్టలు, థర్మాకోల్ ఎవరు విడదీస్తారు అన్నవి పేర్లతో సహా రాసుకుని ఆ కాగితాన్ని మండపంలోనే అంటించండి. పక్క గల్లీ వాళ్లు కూడా వచ్చి చదువుతారు.

వచ్చే వారం వీడియో 21 పత్రి మీద. మాచీపత్రంతో మొదలుపెడదాం.