ఇంకేమి వాడినారు? – బస్తర్ నర్సింగు విద్యార్థినులకు మందుల పాఠం

బస్తర్ అడవి గ్రామాల నుండి జ్వర రోగి ఆసుపత్రికి చేరేనాటికి, చాలా సందర్భాలలో అతని చికిత్స అప్పటికే మొదలై ఉంటుంది. దేవత పూనిన సిరహా జ్వరానికి కారణం చెప్పి ఉంటాడు. మూలికలు ఎరిగిన గునియా వేరో ఆకో నూరి ఇచ్చి ఉంటాడు. జగదల్‌పూర్‌లో శిక్షణ పొందే నర్సింగు విద్యార్థిని మందుల పాఠాన్ని ఈ వాస్తవంతోనే ఆరంభించవలసి ఉన్నది.

మందు ఇచ్చే ముందు ఐదు అంశాలు సరిచూడవలెనని పాఠ్యగ్రంథాలు బోధిస్తాయి: రోగి, మందు, మోతాదు, ఇచ్చే మార్గం, వేళ. చదవడానికి ఇది సులభమే. అయితే బస్తర్‌లో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టే ఆచారం విస్తారంగా ఉన్నది. సోమవారం పుట్టినవాడు సోమారు, బుధవారం పుట్టినవాడు బుధరామ్. ఒకే వార్డులో ఇద్దరు బుధరాములు ఉండడం వింత కాదు. కనుక పేరు పిలిచి మాత్ర చేతిలో పెట్టడం చాలదు. తండ్రి పేరు, ఊరు, పేట కూడా అడిగి తెలుసుకోవలెను. పుట్టిన సంవత్సరం తెలియని పిల్లవానికి మోతాదు నిర్ణయించడానికి తూనికే ఆధారం. గడియారం లేని ఇంటికి వేళలను పొద్దుపొడుపు, నడిపొద్దు, పొద్దుగూకు అని చెప్పితేనే అర్థమవుతుంది.

ఇక్కడి ప్రధాన శత్రువు మలేరియా. ఫాల్సిపారమ్ రకానికి ఆర్టిమిసినిన్‌తో కూడిన సంయుక్త చికిత్స 3 రోజులు సాగుతుంది. మొదటి మోతాదులతోనే జ్వరం తగ్గుముఖం పట్టగా, మిగిలిన మాత్రలు చూరులో దాచేవారు ఉంటారు. రక్తంలో మిగిలిన క్రిములు మళ్లీ విజృంభిస్తాయి. వైవాక్స్ రకానికి క్లోరోక్విన్ 3 రోజులు, కాలేయంలో దాగిన క్రిములకై ప్రైమాక్విన్ 14 రోజులు. జి-6-పి-డి అనే ఎంజైము పుట్టుకతో లోపించినవారిలో ఈ ప్రైమాక్విన్ ఎర్రరక్తకణాలను చిట్లజేస్తుంది, మూత్రం నల్లబడుతుంది. గర్భిణులకు దీనిని ఇవ్వరాదు. మూత్రం రంగు మారితే మందు ఆపి వెంటనే రావలెనని ముందే చెప్పకపోతే, ఇంటివారు దానిని దేవత ఆగ్రహమనుకొని ఆసుపత్రికి బదులు సిరహా వద్దకు నడిచే అవకాశం ఉన్నది.

మరి మూలికల మాట? వాటిని చూచి నవ్వే విద్యార్థినికి ఆర్టిమిసినిన్ చరిత్ర ఒక్కటి చెప్పితే చాలును. 4వ శతాబ్ది చైనా వైద్యుడు గె హోంగ్ ఒక మొక్కను నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసం త్రాగమని రాసినాడు. కాచమని రాయలేదు. ఈ చిన్న భేదాన్ని పట్టుకొని తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు తక్కువ వేడిమిలో సారం తీసి మందును సాధించినది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించినది. అయితే అదే మొక్కతో కాచిన టీని మలేరియాకు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. ఆ టీలో సారం ఎంత ఉన్నదో కొలత ఉండదు.

మూలికలను మ్రొక్కే విద్యార్థినికీ ఈ కథే సమాధానం. నూనె మర్దన, తడిగుడ్డ, పక్కన కూర్చొని పాడే పాట రోగికి ఊరట ఇస్తే అభ్యంతరం ఎందుకు? తిప్పతీగ విషయంలో జాగ్రత్త అవసరం. దానికి చక్కెరను తగ్గించే గుణం ఉన్నదని ప్రయోగాలు చూపినవి కనుక, మధుమేహ మాత్రలు వేసుకొనేవారిని అడిగి తీరవలెను. పసిబిడ్డ పొట్టపై కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడాన్ని మాత్రం ఏ సంప్రదాయం పేరిటా సహించరాదు.

అన్నిటికన్నా కష్టమైనది అడిగే తీరు. హిందీలో ‘దవాయీ తిన్నారా’ అంటే, ఆసుపత్రి మాత్రలే మందులనుకొనే రోగి ‘లేదు’ అంటాడు. వేరు, ఆకు, పొగ, పూత, తాయెత్తు అని విడివిడిగా, వీలైతే హల్బీలోనో గోండీలోనో అడగవలెను. ముఖం చిట్లించి అడిగితే నిజం రాదు. ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ కార్యక్రమంలో ఆరోగ్య కార్యకర్తను ఆ ఊరి స్త్రీలలో నుండే ఎన్నుకొన్నారు. ‘మితానిన్’ అనగా నేస్తురాలు. ఆసుపత్రిలో దాచిన సంగతి ఆమె వద్ద సులభంగా బయటపడుతుంది.

దక్షిణాన కోంటా వైపు దోర్లా ప్రజల మాటలో తెలుగు వినబడుతుంది. ఆ దారిన భద్రాచలం ఆసుపత్రికి వచ్చే రోగులూ ఉన్నారు. హిందీ చీటీతో వచ్చినవానికి ఎన్నవ రోజు మోతాదు పడినదో అక్కడి నర్సుకు తెలియాలి. వాడిన మూలిక పేరూ తెలియాలి. బస్తర్ చీటీలోని ‘భుయీనీమ్’ తెలుగు నేలవేమే. పదానికి పదం అదే అర్థం. రెండు లిపులలో రాయడానికి పట్టేది ఒక్క నిమిషం.