గట్టిగా నొక్కితే కొలత తప్పుతుంది

రెంటచింతలలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం పల్నాడు వాళ్లకు వార్తే కాదు. అంత వేడెక్కిన మీటరు ఉక్కు కడ్డీని అలాగే కొలిస్తే, 20 డిగ్రీల దగ్గర ఉండాల్సిన పొడవు కంటే పావు మిల్లీమీటరు పైనే ఎక్కువ వస్తుంది. కడ్డీలో లోపమేమీ లేదు, కొలిచిన వేళ మంచిది కాదు. అందుకే యంత్రభాగాల కొలతలకు ప్రపంచమంతా 20 డిగ్రీలనే ప్రమాణంగా పెట్టుకుంది. భాగాలను తాకి కొలిచే యంత్రం సీఎంఎం. అది ఉన్న గదిలోకి వచ్చిన భాగాన్ని వెంటనే ముట్టరు. గది చల్లదనం దానికి పట్టేదాకా ఆగుతారు.

మాచర్ల, నరసరావుపేటల్లో డిప్లొమా చేసి క్వాలిటీ విభాగాల్లో చేరే కుర్రాళ్లకు ఈ పద్ధతి మొదట్లోనే నేర్పుతారు. ఇంటర్వ్యూ పోయిన సాయంత్రమే ‘నేను దేనికీ పనికిరాను’ అని తేల్చేసుకునేదీ ఆ కుర్రాళ్లే! ఆ వేడి తగ్గేదాకా ఆ తీర్పు రెండ్రోజులు ఆపండి.

ఆగడం ఒక్కటే చాలదు, తాకే తీరు కూడా తెలియాలి. కాంకార్డ్ విమానం ఇంజన్లలోని సన్నని గొట్టాలను కొలవబోతే పెద్ద చిక్కొచ్చింది. యంత్రంలో వస్తువును తాకే మొనను ప్రోబ్ అంటారు. అప్పటి ప్రోబ్ కదలని గట్టి కడ్డీ, అది ఆనగానే గొట్టమే వంగేది. రోల్స్ రాయిస్ ఇంజనీరు డేవిడ్ మెక్‌మర్ట్రీ 1972లో దీన్ని తిరగేశారు. ఆయన చేసిన ప్రోబ్ వస్తువును తాకగానే తానే ఒరుగుతుంది, ఆ క్షణానే సంకేతం పంపుతుంది, మళ్లీ స్ప్రింగు బలంతో తన చోటికి వస్తుంది. మరుసటి ఏడాది పుట్టిన రెనిషా కంపెనీకి పునాది అదే.

మార్కులు తగ్గిన పిల్లాణ్ణి నిలదీసే నాన్నలు ఈ సంగతి వినాలి. గద్దిస్తే వచ్చే జవాబులో మీ గద్దింపే ఉంటుంది, వాడి మనసు ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. గుండ్రటి రంధ్రాన్ని మూడే చోట్ల తాకి వదిలేస్తే, అది ఎంత వంకరగా ఉన్నా యంత్రం చక్కటి వృత్తమనే చెబుతుంది. మూడు బిందువుల మీదుగా ఒక వృత్తం ఎప్పుడూ సరిగ్గా కుదురుతుంది మరి! సొట్ట ఎక్కడుందో నాలుగో, అయిదో, ఎనిమిదో బిందువు దగ్గర బయటపడుతుంది. మనమూ మూడు చోట్లే తాకి ఆగిపోతాం. అమ్మ, ప్రాణస్నేహితుడు, మెచ్చుకునే మాస్టారు: మన గురించి మనం అడిగేది ఈ ముగ్గురినే. ముగ్గురూ భేష్ అంటారు. నాలుగోవాడి దగ్గరికి వెళ్లండి. మీతో కలిసి ప్రాజెక్టు చేసి, చివరికి విసుక్కున్నవాడే ఆ నాలుగోవాడు. ‘నాతో పనిచేస్తుంటే నీకు ఎక్కడ ఇబ్బందైంది?’ అని ఒక్క ప్రశ్న వేయండి. అతను చెబుతుంటే మధ్యలో సంజాయిషీ ఇవ్వకండి. రాసుకోండి, మర్నాడు చదవండి.