వృత్తసంఖ్యలు: ప్రస్తారగణితాన్ని ప్రోగ్రాముగా అభ్యసించే విధానం

ఉత్పలమాల ‘కృతి’ ఛందంలో 3,55,799వ వృత్తమనీ, చంపకమాల ‘ప్రకృతి’ ఛందంలో 7,11,600వ వృత్తమనీ లాక్షణికులు నిర్ణయించారు. గణాలతో, యతిస్థానంతో పాటు ఈ సంఖ్యలను కంఠస్థం చేయడంతో అధ్యయనం ముగిస్తే, ముద్రణలో ఒక అంకె తారుమారైనా దానిని పట్టుకొనే ఆధారం విద్యార్థికి ఉండదు. సంఖ్యను సాధించే విధిని తెలిసినవానికే దానిని పరీక్షించే అధికారం కలుగుతుంది. ఆ విధిని కంప్యూటరుకు బోధపడేటట్లు ప్రోగ్రాముగా వ్రాయడం మూలగణిత భావాలను నేర్చుకోవడానికి సుగమమైన మార్గం.

ఒక నియమాన్ని గ్రహించి పలుమార్లు అన్వయించే శిక్షణ తెలుగునాట కొత్తది కాదు. గౌతమీ వసిష్ఠ పాయల నడుమనున్న కోనసీమ అగ్రహారాలలో వేదాధ్యయనం తరతరాలుగా సాగింది. డేవిడ్ నైప్ 2015లో ప్రకటించిన ‘వేదిక్ వాయిసెస్’ గ్రంథానికి ఈ ప్రాంతపు వేదపండితుల జీవితాలే వస్తువు. ఘనపాఠంలో మూడు పదాలను 1-2, 2-1, 1-2-3, 3-2-1, 1-2-3 అనే వరుసలో పఠించి, ఒక పదం ముందుకు జరిగి తిరిగి అదే వరుసను పాటిస్తారు. పదాలు మారుతాయి గాని నియమం మారదు. ప్రోగ్రాములో ‘లూప్’ అని వ్యవహరించే ఆవృత్తికి స్వరూపం ఇదే. కనుక అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల విద్యార్థికి ఈ భావాన్ని పరిచయం చేయడానికి పరాయి ఉదాహరణ అక్కరలేదు. ఇదే ఆవృత్తి ఛందశ్శాస్త్రంలో గణితరూపం పొందింది.

పింగళుని ఛందస్సూత్రాల అష్టమాధ్యాయంలోను, కేదారభట్టు వృత్తరత్నాకరం షష్ఠాధ్యాయంలోను ప్రస్తారాది ప్రత్యయాలు ఉన్నాయి. వానిలో ఉద్దిష్టం వృత్తాన్నిబట్టి సంఖ్యను తెలుపుతుంది. పాదంలోని అక్షరాలపై వరుసగా 1, 2, 4, 8 అని ద్విగుణీకరిస్తూ అంకెలు వేసి, లఘువులపై ఉన్నవానిని మాత్రమే కూడి, ఒకటి చేర్చాలి. ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ గణాలు. ఇందులో లఘువులపై అంకెల మొత్తం 3,55,798. ఒకటి చేర్చగా 3,55,799. ఆ ఒకటిని విడిచిన ప్రోగ్రాము తప్పు సమాధానమిస్తుంది. సర్వగురు వృత్తంలో లఘువులు లేనందున మొత్తం సున్న అవుతుంది, కాని ప్రస్తారంలో దాని స్థానం మొదటిది. పరిమాణానికీ క్రమస్థానానికీ గల భేదం విద్యార్థికి ఇక్కడ స్పష్టమవుతుంది.

నష్టం దీనికి విలోమం. ఇచ్చిన సంఖ్య సరి అయితే లఘువు వ్రాసి సగం చేయాలి; బేసి అయితే గురువు వ్రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. 3,55,799 బేసి గనుక గురువు, తరువాత 1,77,900 లఘువు, 88,950 లఘువు, అంతటితో భగణం సిద్ధించింది. పిమ్మట 44,475 గురువు, 22,238 లఘువు, 11,119 గురువు, ఇది రగణం. ఇట్లు ఇరువది మారులు చేస్తే పాదం పూర్తి అవుతుంది. భాగహారం, శేషం, విలోమక్రియ ఈ ఒక్క అభ్యాసంలో ఇమిడి ఉన్నాయి.

సంఖ్య అనే ప్రత్యయం మొత్తం వృత్తాలెన్నో తెలుపుతుంది. ఇరువది అక్షరాలకు రెండును ఇరువది మారులు గుణించనక్కరలేదు. పింగళుని పద్ధతిలో 20ని 10, 5, 4, 2, 1, 0గా తగ్గిస్తూ పోయి, తిరుగుదారిలో సగం చేసినచోట వర్గం, ఒకటి తీసినచోట ద్విగుణం చేయాలి. 1 నుండి 2, 4, 16, 32, 1024, 10,48,576 అని ఆరు మెట్లలో ఫలితం వస్తుంది.

ఈ ప్రోగ్రాములు సిద్ధమైతే కంఠస్థం చేసిన సంఖ్యల మధ్య సంబంధం కూడా బయటపడుతుంది. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా మార్చితే చంపకమాల అవుతుంది. తొలగిన గురువు విలువ సున్న. తక్కిన లఘువులన్నీ ఒక స్థానం జరుగుటచే వాని విలువ రెట్టింపవుతుంది. కొత్త లఘువులు 1, 2 చేరి మూడు కలుస్తుంది. కావున మొదటి వృత్తసంఖ్యను రెట్టించి రెండు కలిపితే రెండవది వస్తుంది: 3,55,799కి 7,11,600. శార్దూలవిక్రీడితం 1,49,337, మత్తేభవిక్రీడితం 2,98,676. ఇక్కడా అదే నియమం. గురువుతో మొదలయ్యే వృత్తానికి బేసి సంఖ్య, లఘువుతో మొదలయ్యేదానికి సరిసంఖ్య తప్పనిసరి. ముద్రాదోషాలను పసికట్టడానికి ఇది తొలి పరీక్ష.

అయితే దీనినిబట్టి ప్రాచీనులు కంప్యూటరును ఎరుగుదురనడం అతిశయోక్తి. లైబ్‌నిట్జ్ 1703లో వివరించిన ద్విసంఖ్యామానంలో సంకలన గుణకారాలు కూడా ఆ రెండు అంకెలతోనే జరుగుతాయి; ఛందశ్శాస్త్రం గురులఘువులను అట్లు వినియోగించలేదు. అది సాధించినది వేరు: పరిమితమైన మెట్లలో, సందేహానికి తావులేకుండా ఫలితాన్నిచ్చే విధులను నిర్మించింది. ఆ విధిని పద్యమెరుగని యంత్రానికి చెప్పగలిగిననాడే విద్యార్థికి అది పూర్తిగా బోధపడినట్లు. ప్రత్యయాధ్యాయాన్ని పరీక్షకు అనవసరమని విడిచిపెట్టక గణితపాఠంగా బోధిస్తే, లక్షణగ్రంథంలోని సంఖ్య విశ్వాసవిషయంగా గాక పరీక్షావిషయంగా నిలుస్తుంది.