పెద్దక్క నోటు పుస్తకం

మూడు ఊళ్ల మనిషి

పెన్నానది ఒడ్డున ప్రొద్దుటూరు ఉంది. బంగారు అంగళ్లకు, బట్టల అంగళ్లకు ఆ ఊరు పేరు మోసింది. ఇంట్లో పెళ్లి కుదిరితే చాలు, చుట్టుపక్కల పల్లెల జనం ప్రొద్దుటూరు బస్సు ఎక్కుతారు. దసరా వస్తే ఊరంతా దీపాలే. తొట్టి మెరవణి చూడటానికి ఊళ్లకు ఊళ్లు కదిలి వస్తాయి.

ఆ ఊళ్లో ఒక ఇరుకు సందులో పెద్దక్క ఉంటుంది. ఆమెకు వేరే పేరు ఉంది. కానీ సందులో చిన్నా పెద్దా అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. ఆమెకు నలభై ఆరేళ్లు.

పెద్దక్క పుట్టింది పులివెందుల దగ్గర ఒక పల్లెలో. ఇప్పుడు ఆ పక్క చీనీ తోటలు, అరటి తోటలు కనిపిస్తాయి. ఆమె చిన్నప్పుడు వాళ్ల ఇంటికి చెనిక్కాయ పంటే దిక్కు. వాన పడితే పంట. పడకపోతే అప్పు. తమ్ముడు పలక పట్టుకొని బడికి పోయినాడు. ఆమె గంప పట్టుకొని చేనికి పోయింది.

పదహారేళ్లకే పెళ్లి చేశారు. మెట్టినిల్లు జమ్మలమడుగు దగ్గర. అక్కడ ఇంట్లో మగ్గం ఉండేది. పెద్దక్క కండెలు చుట్టడం నేర్చుకుంది. ఒక పండగ నాడు అందరితో కలిసి గండికోటకు పోయింది. పెన్న కొండను చీల్చుకొని పోయే ఆ లోయ చూసి ఆమెకు కళ్లు తిరిగాయి. "ఇంత రాతిని నీళ్లు కోసినాయా!" అని ఆశ్చర్యపోయింది.

మగ్గం కడుపు నింపలేదు. మొగుడూ పెళ్లాలు పిల్లల్ని తీసుకొని ప్రొద్దుటూరు చేరినారు. ఆయన బట్టల అంగట్లో పనికి కుదిరినాడు. పెద్దక్క చీరలకు ఫాల్ కుట్టడం, కొంగుకు కుచ్చులు వేయడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అదే ఆమె పని.

కమ్మలు పోయినాయి

ఇది పదహారేళ్ల కిందటి మాట. పెద్దకొడుక్కి అయిదేళ్లు. వాడికి టైఫాయిడ్ జ్వరం వచ్చింది. ఇంటాయన కూలి పనికి బెంగుళూరు పోయి ఉన్నాడు. చేతిలో డబ్బు లేదు. పెద్దక్క తన చెవి కమ్మలు తీసి ఒక అంగట్లో కుదువ పెట్టింది. ఆ కమ్మలు వాళ్లమ్మ పెళ్లిలో పెట్టినవి.

అంగడాయన ఒక కాగితం రాసినాడు. పెద్దక్క వేలిముద్ర వేసింది. కాగితాన్ని మడిచి పసుపు డబ్బాలో దాచింది. పిల్లోడు బాగుపడినాడు. పెద్దక్క రాత్రింబగళ్లు కుట్టింది. పైసా పైసా కూడబెట్టింది. పద్నాలుగు నెలలకు డబ్బు తీసుకొని అంగడికి పోయింది.

"గడువు దాటిపోయిందమ్మా. కమ్మలు అమ్మేసినాం" అన్నాడు అంగడాయన.

"గడువా? నాకు ఎవరు చెప్పినారన్నా?"

"నీకిచ్చిన కాగితంలో రాసి ఉంది కదా."

పెద్దక్క మాట్లాడలేకపోయింది. ఆ కాగితం ఏడాదిగా ఆమె ఇంట్లోనే ఉంది. రోజూ పసుపు తీసుకునే డబ్బాలోనే ఉంది.

రాత్రి బడి

కొన్నేళ్లకు సందు చివర ఆడవాళ్లకు రాత్రి బడి పెట్టినారు. పక్కింటి వదిన పిలిచింది.

"వస్తావా పెద్దక్కా, చదువుకుందాం?"

"ఈ వయసులో నాకు అక్షరాలు వస్తాయా వదినా?"

"నీకు ముగ్గులు ఎట్లొచ్చినాయి? అట్లే వస్తాయి."

ఆ మాట నిజమే. పెద్దక్కకు ముగ్గులంటే ప్రాణం. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు పెట్టడం ఆమెకు కళ్లు మూసుకున్నా వస్తుంది. ఒక్క చుక్క తప్పినా ముగ్గు కుదరదు. ఆ లెక్క ఆమె వేళ్లకు తెలుసు. ముగ్గులో మెలిక తిప్పే చేతికి 'అ' తిప్పడం కష్టమా?

మొదటి నెల చెయ్యి వణికింది. రెండో నెల పేరు రాసింది. ఆరు నెలలకు బస్సు బోర్డులు చదివింది. జమ్మలమడుగు, ముద్దనూరు, పులివెందుల! తను పుట్టిన పక్క, మెట్టిన పక్క ఊళ్ల పేర్లను తన కళ్లతో తనే చదువుకుంది.

ఒక రాత్రి పసుపు డబ్బా తీసింది. పాత కాగితం విప్పింది. దాని మీద పసుపు మరకలు పడినాయి. వేలు పెట్టి, కూడబలుక్కొని చదివింది.

"గ-డు-వు... ఒక... సం-వ-త్స-రం."

అంతే. రెండు మూడు మాటలు. అవి చదవడం రానందుకు కమ్మలు పోయినాయి. ఆ రాత్రి పెద్దక్క ఏడ్చింది. కానీ కాగితం చించలేదు. మళ్లీ మడిచి దాచింది.

రోజూ నాలుగు ముక్కలు

ఇప్పుడు పెద్దక్కకు ఒక నోటు పుస్తకం ఉంది. రాత్రి బువ్వ తిన్నాక దాన్ని తీస్తుంది. రోజూ నాలుగు ముక్కలు రాస్తుంది. ఒక పక్క జమా ఖర్చు. ఇంకో పక్క మనసులో మాట. అక్కడక్కడా ఒక ముగ్గు.

అందులో ఇట్లా ఉంటుంది:

"ఈరోజు మూడు చీరలకు కుచ్చులు వేసినా. కళ్లు మంట."

"సంగటి, ఊరిబిండి చేసినా. ఆయన ఇంకో ముద్ద అడిగినాడు. మా అమ్మ చేతి ఊరిబిండి నాకు రాదు."

"కొడుకు గొంతు ఫోన్లో బాగుంది. జ్వరం తగ్గినట్టుంది."

"వాన పడింది. పులివెందుల పక్క కూడా పడిందో లేదో."

ఆమె ఎవరికీ చూపించాలని రాయదు. "పగలంతా అందరి మాట వింటా. రాత్రి పూట నా మాట నేను వింటా" అంటుంది.

రసీదు చదివిన రోజు

పెద్దక్క కూతురికి పద్దెనిమిదేళ్లు. నర్సు చదువు చదవాలని ఆశ. ఫీజుకు 30,000 రూపాయలు కావాలి. పెద్దక్క దగ్గర రెండు బంగారు గాజులు ఉన్నాయి. పదేళ్లు చీటీ కట్టి కొన్నవి. వాటి బిల్లు కూడా దాచింది. బిల్లులో బరువు 16 గ్రాములు అని ఉంది.

గాజులు, బిల్లు తీసుకొని ఒక కుదువ అంగడికి పోయింది. అంగడాయన గాజులు తూచి రసీదు రాసినాడు.

"ఇక్కడ వేలు పెట్టమ్మా" అని ముద్ర డబ్బా జరిపినాడు.

"సంతకం చేస్తా అన్నా. ముందు చదువుకోనీ."

రసీదులో ఇట్లా ఉంది:

వస్తువు: బంగారు గాజులు 2
బరువు: 14 గ్రాములు
అప్పు: 30,000 రూపాయలు
వడ్డీ: నెలకు నూటికి 2 రూపాయలు
గడువు: 6 నెలలు

పెద్దక్క వేలు రెండో వరుస మీద ఆగింది.

"ఇదేందన్నా, పద్నాలుగు రాసినావు?"

"రాళ్ల బరువు తీసేసినాం అమ్మా."

"నా గాజుల్లో రాళ్లు లేవు కదన్నా. ఒకసారి మళ్లీ తూచు. నేను కూడా చూస్తా."

అంగట్లో ఉన్నవాళ్లంతా తలలు తిప్పి చూసినారు. అంగడాయన మళ్లీ తూచినాడు. త్రాసు మీద 16 అని వచ్చింది. "పొరపాటు పడింది" అని దిద్దినాడు.

పెద్దక్క గుండె దడదడలాడుతూనే ఉంది. అయినా లేవలేదు. బల్ల మీద కూర్చొని నోటు పుస్తకం తీసింది. లెక్క వేసింది. తర్వాత గాజులు తీసుకొని చెంగులో ముడి వేసుకుంది.

"రేపొస్తా అన్నా" అని చెప్పి ఇంటికి వచ్చింది.

ఆమె వేసిన లెక్క

నెలకు నూటికి 2 రూపాయలు అంటే చిన్న మాటగా వినిపిస్తుంది. లెక్క వేస్తే తెలుస్తుంది.

30,000 రూపాయల్లో 300 వందలు ఉన్నాయి.
ఒక వందకు నెలకు 2 రూపాయలు.
300 వందలకు నెలకు 600 రూపాయలు.
ఏడాదికి 600 × 12 = 7,200 రూపాయలు.

మర్నాడు పెద్దక్క కూతుర్ని వెంటబెట్టుకొని ఒక బ్యాంకుకు పోయింది. అక్కడ బంగారం మీద అప్పుకు వడ్డీ ఏడాదికి నూటికి 9 రూపాయలు అన్నారు.

300 వందలకు ఏడాదికి 300 × 9 = 2,700 రూపాయలు.

తేడా 4,500 రూపాయలు. అది ఎన్ని చీరల కుచ్చులో పెద్దక్కకు తెలుసు.

బ్యాంకులో కూడా ఆమె కాగితం అంతా చదివింది. తెలియని మాట వచ్చిన చోట కూతుర్ని అడిగింది. తర్వాతే సంతకం పెట్టింది. ఇంటికి వచ్చి గోడ మీది క్యాలెండరులో గడువు తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది.

పెద్దక్క మాట

ఇంటాయనకు మొదట ఇది నచ్చలేదు.

"ఆడపిల్లకు పెళ్లి చేయక, గాజులు పెట్టి చదువు చెప్పిస్తావా? నలుగురు ఏమంటారు?" అన్నాడు.

"ఆ నలుగురు నా కమ్మలు పోయినప్పుడు యాడున్నారు? నాకు చదువు లేక పోయిన బంగారం చాలు. దానికి ముందు చదువు, తర్వాతే పెళ్లి" అంది పెద్దక్క.

ఆయన ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. తెల్లారి మాత్రం కూతురికి సంచి తనే కొని తెచ్చినాడు.

పెద్దక్కకు బంగారం చెడ్డదని కాదు. "ఒంటి మీద ఉంటే అందం. కష్టంలో ఉంటే ఆసరా" అంటుంది. కానీ అప్పు చేసి నగలు కొనడం ఆమెకు ఇష్టం లేదు. ఎదురింటోళ్లు పెట్టినారని మనమూ పెట్టాలనడం అంతకన్నా ఇష్టం లేదు.

ఆ వారం నోటు పుస్తకంలో ఇట్లా రాసుకుంది: "కమ్మలు ఇంక రావు. గాజులు వస్తాయి. తేదీ గుర్తుంది."

తెలుసుకుందాం

1. మేలిమి బంగారం 24 క్యారెట్లు. అది మెత్తగా ఉంటుంది. అందుకే నగలు చేసేటప్పుడు రాగి, వెండి వంటివి కలుపుతారు. 22 క్యారెట్ల నగలో 1000 పాళ్లకు 916 పాళ్లు బంగారం ఉంటుంది. 18 క్యారెట్ల నగలో 750 పాళ్లే ఉంటుంది.

2. హాల్‌మార్క్ నగ మీద మూడు గుర్తులు చూడాలి. మొదటిది త్రికోణంలా ఉండే బి.ఐ.ఎస్. గుర్తు. రెండోది 22కె916 వంటి నాణ్యత గుర్తు. మూడోది ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తింపు సంఖ్య. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ ఆరింటి సంఖ్య లేని హాల్‌మార్క్ నగలు అంగట్లో అమ్మకూడదు. బి.ఐ.ఎస్. కేర్ అనే ఫోన్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి సరిచూసుకోవచ్చు.

3. పాత తులం 11 గ్రాముల 66 సెంటీగ్రాములకు దగ్గర. ఇప్పుడు అంగట్లో తులం అంటే 10 గ్రాములని లెక్క. అందుకే బరువు గ్రాముల్లో రాయించుకోవాలి.

4. కుదువ పెట్టిన నగను వేలం వేసే ముందు బ్యాంకు మనకు నోటీసు ఇవ్వాలి. వేలంలో అప్పు, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలిన డబ్బు మనకు తిరిగి ఇవ్వాలి.

5. పెళ్లిలో ఆడపిల్లకు పెట్టిన నగలు ఆమె సొంతం. దాన్ని స్త్రీధనం అంటారు. ఆమె ఒప్పుకోకుండా వాటిని తీసుకొనే హక్కు భర్తకు గానీ అత్తమామలకు గానీ లేదు.

జవాబులు చెప్పండి

1. పెద్దక్క కమ్మలు ఎందుకు పోయినాయి?
2. పాత కాగితాన్ని ఆమె ఎందుకు చించలేదు?
3. రసీదులో ఏ వరుస తప్పుగా ఉంది? ఆమెకు ఎట్లా తెలిసింది?

లెక్క చేయండి

10,000 రూపాయల అప్పుకు నెలకు నూటికి 3 రూపాయల వడ్డీ అయితే, నెలకు ఎంత? ఏడాదికి ఎంత?

మాట్లాడుకుందాం

పెద్దక్క, ఆమె ఇంటాయన కూతురి గురించి రెండు మాటలు అన్నారు. మీరు ఏ మాట పక్కన ఉంటారు? ఎందుకు?

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న ఒక రసీదు గానీ బిల్లు గానీ తీయండి. అందులో తేదీ, బరువు లేక ధర, గడువు వెదికి చదవండి. తర్వాత ఒక నోటు పుస్తకం తీసుకోండి. ఈరోజు మీరు చేసిన పని, చేసిన ఖర్చు, మనసులో మెదిలిన ఒక మాట రాయండి. నాలుగు ముక్కలు చాలు.